ఊరిని రైలెక్కించిన పాషా

జర్మనీలో ఎం.ఎస్. చేసేటప్పుడు నా ల్యాబ్‌లో ఒక టర్కీ కుర్రాడు ఉండేవాడు. మనం అల్లూరి సీతారామరాజు గురించి ఎలా మాట్లాడుకుంటామో, అతను ఫఖ్రుద్దీన్ పాషా గురించి అలా చెప్పేవాడు. మదీనాని రెండున్నరేళ్ళు కాపాడిన వీరుడని, మిడతలు తిని కూడా లొంగలేదని. తర్వాత ఉద్యోగానికి రియాద్ వచ్చాను. ఇక్కడ మా టీములో ఒక పెద్దాయన మదీనా వాస్తవ్యుడు. మాటల్లో ఒకరోజు ఆ పాషా పేరెత్తాను. ఆయన ముఖం మారిపోయింది. వాళ్ళ నాయనమ్మ తల్లిని చిన్నతనంలో సైనికులు రైలెక్కించి డమాస్కస్ పంపేశారట. అన్నదమ్ముల్లో ఒకడు మళ్ళీ కనబడనే లేదట.

ఒకే మనిషి గురించి ఇన్ని తేడాలేమిటని అప్పటినుంచి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. ఇక్కడున్న మనవాళ్ళలో చాలామందికి ఈ కథ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఒమర్ ఫఖ్రుద్దీన్ 1868లో ఇప్పటి బల్గేరియాలోని రూసే పట్టణంలో పుట్టాడు. అప్పటికి అది ఒట్టోమన్ల ఊరు. 1877-78లో రష్యాతో యుద్ధం వచ్చింది. పదేళ్ళ పిల్లవాడు, కుటుంబంతో సహా ఇల్లూ వాకిలీ వదిలి ఇస్తాంబుల్ చేరాడు. ఈ ఒక్క సంగతి నాకు మిగతా కథంతా చదువుతున్నంతసేపూ గుర్తొస్తూనే ఉంది. సైనిక విద్య, స్టాఫ్ ఆఫీసర్ ఉద్యోగం, బాల్కన్ యుద్ధాలు... అవన్నీ ఆ కాలపు ప్రతి టర్కీ అధికారి జాతకంలోనూ ఉండేవే. 1915లో ఉర్ఫా పట్టణంలో, ఊరు వదలమని ఎదురుతిరిగిన ఆర్మీనియన్లను ఫిరంగులతో అణిచింది మాత్రం ఇతని సేనలే. టర్కీ మిత్రుడు ఆ భాగం చెప్పలేదు.

1916 మే నెలాఖరులో పాషా మదీనా చేరాడు. పదిరోజులు తిరక్కుండానే షరీఫ్ హుసేన్, అతని కొడుకులు బ్రిటిష్‌వాళ్ళ అండతో తిరుగుబాటు లేవదీశారు. మక్కా పోయింది, జెడ్డా పోయింది, తాయిఫ్ పోయింది. మదీనా మాత్రం పోలేదు. కారణం రైలు. డమాస్కస్ నుంచి మదీనాకు దాదాపు 1,300 కిలోమీటర్ల హిజాజ్ రైలుమార్గం 1908లో పూర్తయింది. హజ్ యాత్రికుల కోసమని ప్రపంచమంతటా ముస్లింలు చందాలిచ్చి కట్టించిన రైలది, మన హైదరాబాద్ డబ్బు కూడా అందులో ఉంది. యాత్రికుల కోసం వేసిన పట్టాల మీద ఇప్పుడు మందుగుండు వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ బళ్ళలోనే జనాన్ని ఎక్కించారు.

దీన్నే మదీనావాళ్ళు సఫర్ బర్లిక్ అంటారు. టర్కీ భాషలో ఆ మాటకు యుద్ధ సన్నాహం, సైన్య సమీకరణ అని అర్థం. మదీనాలో మాత్రం ఊరు ఖాళీ చేయించడమనే అర్థం మిగిలిపోయింది. మా అమ్మమ్మ కూడా ఎవరి వయసు చెప్పాలన్నా మిలట్రీ వచ్చిన ఏడు అనేది, 1948 పోలీస్ చర్యని ఆవిడ ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. సర్కారు పెట్టిన పేరొకటి, జనానికి గుర్తుండేది ఇంకొకటి.

పాషా వైపు లెక్క ఏమిటంటే: ముట్టడిలో తిండి తక్కువ, తినే నోళ్ళు ఎక్కువ, పైగా ఊళ్ళో ఎవరు షరీఫ్ మనుషులో తెలియదు. కాబట్టి పౌరులు వెళ్ళిపోవాలి. మొదట్లో వెళ్ళమని చెప్పారు, తర్వాత బలవంతంగా పంపారు. వీధిలో దొరికినవాళ్ళని దొరికినట్టు స్టేషన్‌కి తీసుకెళ్ళారని, తల్లి ఒక బండిలో పిల్లలు ఇంకో బండిలో పడ్డారని ఇప్పటికీ అక్కడి కుటుంబాల్లో చెప్పుకుంటారు. వాళ్ళు డమాస్కస్ వైపు చేరారు, కొందరు ఇంకా పైకి టర్కీ దాకా వెళ్ళారు. అక్కడా అప్పుడు కరువే. ఊళ్ళో మిగిలినవాళ్ళు చాలా కొద్దిమంది. ఖర్జూర పంటను సైన్యం తీసేసుకుంది. ప్రవక్త మసీదులోని విలువైన వస్తువులను 1917లో రైల్లో ఇస్తాంబుల్ పంపేశారు, అవి ఇప్పటికీ తోప్‌కాపి మ్యూజియంలో ఉన్నాయి.

ముట్టడి వేసినవాళ్ళు మాత్రం ఏం తక్కువ? లారెన్స్ పేరు మనందరికీ సినిమా వల్ల తెలుసు. 1917 నుంచి ఆయనా, అరబ్ దళాలూ పట్టాలు పేలుస్తూనే ఉన్నారు. ఆ పట్టాల మీద సైనికులే కాదు, ఊళ్ళోవాళ్ళ తిండీ వచ్చేది. మొన్నామధ్య అల్ ఉలా వెళ్ళి హిజ్ర్‌లో పాత స్టేషన్ చూశాను. ఆ భవనాలను ఇప్పుడొక ఖరీదైన హోటల్‌లో భాగం చేశారు. నబాతియన్ల సమాధుల దగ్గర ఉన్నంత రద్దీ అక్కడ లేదు.

1918 వసంతంలో మఆన్ దక్షిణాన లైను పూర్తిగా తెగిపోయింది. మిడతలు తినమని పాషా సైన్యానికి ఉత్తర్వు తీశాడు, ఎలా వండుకోవాలో కూడా అందులో ఉంది. సైనికులకు స్కర్వీ, దాని వెనకే స్పానిష్ ఫ్లూ.

ఇంతలో 1918 అక్టోబర్ 30న ముద్రోస్‌లో టర్కీ సంధి చేసుకుంది. హిజాజ్ దండులు లొంగిపోవాలని అందులో స్పష్టంగా ఉంది. పాషా ఒప్పుకోలేదు. ఇస్తాంబుల్ నుంచి ఆదేశం వచ్చినా ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఈ 72 రోజులే అతని జీవితంలో అసలు పరీక్ష. యుద్ధం అయిపోయింది, గెలిచేది లేదు, కాపాడాల్సిన జనాన్ని తనే పంపేశాడు. అయినా మనుషులు చస్తూనే ఉన్నారు. భక్తి ఉంది, కాదనను. ప్రవక్త సమాధి పక్కనే పక్క వేసుకుని అక్కణ్ణించి కదలనన్నాడు. కానీ ఆ భక్తికి మూల్యం చెల్లించింది ఆసుపత్రుల్లో పడున్న అనటోలియా రైతుబిడ్డలు.

2003లో ఇరాక్ యుద్ధం వద్దని లండన్‌లో, రోమ్‌లో లక్షలమంది వీధుల్లోకి రావడం స్కూలు రోజుల్లో టీవీలో చూశాను. మదీనాలో అలా ప్లకార్డు పట్టుకునే వీలెవరికుంది? అక్కడ యుద్ధం వద్దన్నది సొంత అధికారులు. కొందరు అప్పటికే అటువైపు వెళ్ళి లొంగిపోయారు. మిగిలినవాళ్ళు షరీఫ్ మనుషులతో ఒప్పందం కుదుర్చుకుని, 1919 జనవరి 10న మసీదు ఆవరణలోనే తమ పాషాని పట్టుకుని, బలవంతంగా బయటికి తీసుకొచ్చి అప్పగించారు. సైనిక నియమాల ప్రకారం అది తిరుగుబాటే. దానివల్ల ఎంతమంది బతికి ఇంటికెళ్ళారో మరి!

మదీనావాళ్ళు తర్వాత కొంచెం కొంచెంగా తిరిగొచ్చారు, అందరూ కాదు. షామ్‌లోనే ఉండిపోయిన కుటుంబాలూ ఉన్నాయి.

పాషాని బ్రిటిష్‌వాళ్ళు ఈజిప్టుకు, అక్కణ్ణించి మాల్టాకు తీసుకెళ్ళి బంధించారు. 1921లో విడుదలయ్యాడు. ముస్తఫా కెమాల్ ప్రభుత్వం కాబూల్‌కు రాయబారిగా పంపింది, 1926 దాకా అక్కడే. 1936లో రిటైరయ్యాడు. 1948 నవంబర్ 22న ప్రయాణంలో ఉండగా ఎస్కిషెహిర్ దగ్గర గుండెపోటుతో పోయాడు. ఇస్తాంబుల్‌లో ఆషియాన్ శ్మశానంలో సమాధి ఉంది.

అన్నట్టు ఈ తగువు ఇంకా తీరలేదు. 2017 డిసెంబర్‌లో యు.ఎ.ఇ. విదేశాంగ మంత్రి, పాషా మదీనాని దోచుకుని జనాన్ని రైళ్ళలో తరలించాడన్న ఒక ట్వీట్‌ని మళ్ళీ పంచుకున్నారు. ఎర్దోగాన్ భగ్గుమన్నారు. 2018 జనవరిలో అంకారాలో యు.ఎ.ఇ. ఎంబసీ ఉన్న వీధికి ఫఖ్రుద్దీన్ పాషా వీధి అని పేరు మార్చారు. ఆ ఎంబసీకి ఉత్తరం రాసే ప్రతివాడూ కవరు మీద ఆ పేరు రాయాల్సిందే.