మంచంమీద చదివిన రెండు పుస్తకాలు



మీలో చాలామంది 'కరుణామయుడు' సినిమా చూసే ఉంటారు. 1978లో వచ్చిన ఆ సినిమాను తర్వాత ఎన్నో ఏళ్లపాటు పల్లెలకు తీసుకువెళ్లి, తెర కట్టి చూపించారు. సిలువ మోసే ఘట్టం రాగానే ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకునేవారు. మగవాళ్లు గొంతు సవరించుకుంటూ మొహం అటు తిప్పుకునేవారు. ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. మరి తెల్లవారాక? బోరింగు దగ్గర బిందెల వరసలో మళ్లీ పాత తగాదానే! నవ్వుకోకండి, ఆ వరసలో మనమూ ఉన్నాం.

సినిమా చూస్తున్నంతసేపు మనసు కరగడం ఒక సంగతి. తెర విప్పేశాక లోపల ఏం మిగిలింది అన్నది వేరే సంగతి. ఈ తేడాను సుమారు 500 సంవత్సరాల క్రిందట ఒక సైనికుడు మంచంమీద పడుకొని కనిపెట్టాడు. అప్పటికి సినిమాలు లేవు. ఆయనకు పుస్తకాలే సినిమాలు.

ఆయన ఊరి పేరు మీకు కొత్త కాదు. విజయవాడలో 1953లో స్థాపించిన ఆంధ్ర లయోలా కళాశాల మీదుగా మీరు ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో! లయోలా అన్నది స్పెయిన్ దేశానికి ఉత్తరాన, బాస్కు ప్రాంతంలో ఉన్న ఒక కోట పేరు. పునీత ఇగ్నేషియస్ 1491లో అక్కడే పుట్టాడు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఇనీగో. అప్పటికింకా పునీతుడు కాలేదు గనుక మనమూ ఇనీగో అనే పిలుద్దాం.

నిజానికి ఆ రోజుల్లో ఆయనను చూసినవారెవరూ ఈయన పునీతుడవుతాడని అనుకొని ఉండరు. పెద్ద కుటుంబంలో కడగొట్టువాడు. రాజుగారి కోశాధికారి ఇంట పెరిగి దర్బారు మర్యాదలు, కత్తిసాము నేర్చాడు. పొడవాటి జుట్టు, రంగురంగుల దుస్తులు, నడుముకు కత్తి. 1515లో సొంత ఊళ్లో పండుగ రాత్రి చేసిన ఆగడానికి న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చింది. జూదం, ఆడవాళ్ల వెంట తిరగడం, చిన్న మాటకే కత్తి దూయడం ఆయనకు మామూలే. వీరుల సాహసాలు, ప్రేమలు నిండిన కథల పుస్తకాలంటే ప్రాణం.

1521 మే నెలలో ఫ్రెంచి సైన్యం పాంప్లోనా పట్టణాన్ని చుట్టుముట్టింది. కోటలో ఉన్నవారు చాలా కొద్దిమంది. లొంగిపోదామని అందరూ అన్నారు. పోరాడదామని పట్టుబట్టినవాడు ఇనీగో ఒక్కడే. గురువు అందుబాటులో లేకపోవడంతో తోటి సైనికుడికే తన పాపాలు చెప్పుకొని యుద్ధానికి నిలబడ్డాడు. మే 20న ఒక ఫిరంగి గుండు ఆయన కాళ్ల మధ్యగా దూసుకుపోయింది. కుడికాలు విరిగింది, ఎడమకాలికి గాయమైంది. ఆయన పడిపోగానే కోట లొంగిపోయింది. శత్రువులు మర్యాదస్తులు. వైద్యం చేయించి, కొన్నాళ్లకు డోలీలో ఇంటికి పంపించారు.

సినిమాలో అయితే గుండు తగిలిన క్షణంలోనే మనిషి మారిపోవాలి. ఇక్కడ అలా జరగలేదు.

ఎముక సరిగా అతుక్కోలేదని వైద్యులు దాన్ని మళ్లీ విరిచి సరిచేశారు. మత్తుమందు లేని కాలమది. ఆయన పిడికిళ్లు బిగించాడు తప్ప నోరు విప్పలేదు. జూన్ చివరికి పరిస్థితి విషమించి, చివరి దేవద్రవ్య అనుమానాలు కూడా స్వీకరించాడు. అర్ధరాత్రికి మళ్లుకోకపోతే బ్రతకడని వైద్యులు చెప్పిన రాత్రి పునీత పేతురు, పౌలుల పండుగ ముందురోజు. ఆ రాత్రి నుండే కోలుకోవడం మొదలైంది. ఇప్పుడైనా మారాడా? లేదు. మోకాలి కింద ఎముక ముడిలా పైకి పొడుచుకొచ్చింది. బిగుతు బూటు తొడిగితే అది అసహ్యంగా కనిపిస్తుందని ఆయన దిగులు! దాన్ని కోయించుకుంటానన్నాడు. ఇంతవరకు పడిన బాధలన్నిటికంటే ఇది ఎక్కువని వైద్యులు చెప్పినా వినలేదు. కోయించుకున్నాడు. కురచబడిన కాలు సాగడానికి రోజుల తరబడి పరికరాలతో లాగించుకున్నాడు. అయినా జీవితాంతం కుంటుతూనే నడిచాడు. చావు అంచుదాకా వెళ్లివచ్చినా అందంమీద మోజు చావలేదన్నమాట. కష్టం రాగానే మనిషి తనంతట తానే మంచివాడైపోతాడని మనం అనుకుంటాం గాని, కష్టం ఒక్కటే ఆ పని చేయదేమో!

ఇక మంచంమీద నెలల తరబడి విశ్రాంతి. పొద్దు పోవడానికి వీరుల కథలు తెమ్మన్నాడు. ఆ ఇంట అవి ఒక్కటీ దొరకలేదు. దొరికినవి రెండే: ఒకటి క్రీస్తు ప్రభువు జీవితం, రెండోది పునీతుల చరిత్రలు. అప్పటికి ఆ ఇంటిని చక్కబెడుతున్నది ఆయన వదిన మగ్దలేనా, భక్తిపరురాలు. వేరే దిక్కులేక ఆయన ఆ రెంటినే చదివాడు.

చదువు మధ్యలో ఆపి పగటికలలు కనేవాడు. ఒక గొప్పింటి స్త్రీమీద ఆయనకు ఆశ. ఆమె ఎవరో ఆయన ఎక్కడా చెప్పలేదు. ఆమె ఉన్న చోటుకు ఎలా వెళ్లాలి, ఏం మాట్లాడాలి, ఏ సాహసం చేసి మెప్పించాలి అని మూడు నాలుగు గంటలు ఊహల్లో తేలిపోయేవాడు. మరోసారి పుస్తకం తెరిచినప్పుడు, అస్సీసిపుర ఫ్రాన్సిస్ చేసినది నేను చేస్తే ఎలా ఉంటుంది, దొమినిక్ చేసినది నేనెందుకు చేయలేను అని అదే పట్టుదలతో ఊహించుకునేవాడు. గమనించారా, ఇందులోనూ ఆ పాత పోటీ మనస్తత్వమే ఉంది! రెండు రకాల కలలూ కంటున్నంతసేపు తియ్యగానే ఉండేవి.

తేడా తర్వాత తెలిసింది. ఆ స్త్రీ గురించిన కల చెదిరిపోయాక మనసు ఎండిపోయినట్లు, విసుగ్గా ఉండేది. కాలినడకన యెరూషలేము వెళ్లాలి, ఆకుకూరలు తిని బ్రతకాలి అన్న కల ముగిశాక కూడా సంతోషం నిలిచి ఉండేది. చాలా రోజులు ఆయన దీన్ని పట్టించుకోలేదు. ఒకనాడు హఠాత్తుగా కళ్లు తెరుచుకున్నట్లయింది. ఏ ఆలోచన ఎక్కడినుండి వస్తోందో, మనల్ని ఎక్కడ వదిలిపెట్టి పోతోందో చూసుకోవాలని తెలిసింది. తర్వాతి కాలంలో ఆయన రాసిన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథానికి విత్తనం ఇదే. నేడు మన గురువులు, కన్యస్త్రీలు చేసే వడకాలలో ఎన్నిటికో మూలం ఆ గ్రంథమే.

కాస్త లేచి తిరగగలిగాక ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఆ రెండు పుస్తకాలలో నచ్చినవి ఎత్తి రాసుకున్నాడు. ప్రభువు మాటలు ఎర్ర సిరాతో, దేవమాత మాటలు నీలి సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, సుమారు 300 పుటలు. రాత్రిళ్లు చాలాసేపు నక్షత్రాలను చూస్తూ ఉండేవాడు. ఈయన వాలకం కనిపెట్టిన అన్న మార్టిన్, ఇంట్లో గది గదికీ తిప్పుతూ, వంశం పేరు నిలబెట్టమని, జీవితం పాడుచేసుకోవద్దని బ్రతిమాలాడు. ఇనీగో మాట దాటవేసి, 1522 ఆరంభంలో కంచరగాడిద ఎక్కి ఇల్లు విడిచాడు.

దారిలో ఒక మూర్ జాతీయుడు కలిశాడు. దేవమాత కన్యాత్వం గురించి వాదం వచ్చింది. ఆ మనిషి ముందుకు సాగిపోయాక, అమ్మగారి గౌరవం కాపాడలేకపోయానే, వెంటపడి పొడవాలా వద్దా అని ఇనీగో సతమతమయ్యాడు. ఎటూ తేల్చుకోలేక కళ్లేలు వదిలేశాడు. గాడిద ఊరివైపు మళ్లితే పొడుస్తాడు, రాజమార్గంలో పోతే వదిలేస్తాడు. ఊరు దగ్గర్లోనే ఉంది, అటువైపు బాట వెడల్పుగా ఉంది. గాడిద రాజమార్గంలోనే పోయింది! తానింకా ఎంత గుడ్డివాడో చూపడానికే ఆయన ముసలితనంలో ఈ సంగతి దాచకుండా చెప్పాడు. 1553–1555 మధ్య రోములో తోటి గురువు లూయిస్ గొన్సాల్వెస్ ద కామరాకు ఆయన చెప్పిన జీవితకథ వల్లనే మనకివన్నీ తెలిశాయి.

మోన్‌సెరాత్ కొండమీది మఠంలో మూడు రోజులు తన పాపాలన్నీ రాసుకొని పాపసంకీర్తనం చేశాడు. మార్చి 24, మంగళవార్త పండుగ ముందురాత్రి, ఖరీదైన దుస్తులు ఒక బిచ్చగానికి ఇచ్చి, గోనెబట్ట కట్టుకొని, మరియమాత పీఠం ముందు రాత్రంతా జాగారం చేశాడు. కత్తిని, బాకును అక్కడే వదిలేశాడు. తెల్లవారి వెళ్లిపోతుంటే వెనుకనుండి ఒకరు పరుగున వచ్చి, ఆ బట్టలు నిజంగా మీరే ఇచ్చారా అని అడిగారు. దొంగిలించాడని ఆ బిచ్చగాణ్ణి పట్టుకున్నారట. అప్పుడు ఇనీగో కళ్లనుండి నీళ్లు కారాయి. కాలు కోసేటప్పుడు కిక్కురుమనని మనిషి! తన గొప్ప త్యాగంవల్ల దెబ్బ తిన్నది ఒక పేదవాడు.

మన్రేసాలో గడిపిన పదిన్నర నెలలూ సుఖంగా సాగలేదు. జుట్టు, గోళ్లు పెంచి, బిచ్చమెత్తి తిన్నాడు. చెప్పిన పాపాలనే మళ్లీ మళ్లీ తవ్వుకుంటూ, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లాడు. దేవుడు కరుణించేదాకా తిననని వారంపాటు పస్తున్నాడు. గురువు ఆజ్ఞాపించాక గాని ముద్ద ముట్టలేదు. చివరికి మంచంమీద నేర్చిన పాఠమే దారి చూపింది. ఈ తవ్వుకోవడం నన్ను ఎక్కడికి తీసుకుపోతోందని చూసుకొని, దాన్ని విడిచిపెట్టాడు.

తర్వాతి కథ మీరు విన్నదే. యెరూషలేములో ఉండనివ్వలేదు. ముప్పైమూడేళ్ల వయసులో బార్సెలోనాలో లాటిను ఓనమాలు దిద్దాడు. పారిసులో ఫ్రాన్సిస్ జేవియర్‌తో ఒకే గదిలో ఉన్నాడు. 1540 సెప్టెంబరు 27న మూడవ పౌలు జగద్గురువులు యేసుసభను ఆమోదించారు. జేవియర్ 1542లో గోవాకు వచ్చాడు. సభను నడిపిన ఇగ్నేషియస్ మిగిలిన సంవత్సరాలు రోములో ఉత్తరాలు రాయడంలోనే గడిపాడు.

1556 జూలై 30న, తన అంత్యకాలం దగ్గరపడిందని, జగద్గురువుల ఆశీర్వాదం కోరి రమ్మని కార్యదర్శి పొలాంకోను అడిగాడు. ఆ రోజు పంపవలసిన ఉత్తరాలు పొలాంకోకు చాలా ఉన్నాయి. ఇంతకు ముందూ ఇలాగే జబ్బుపడి లేచారు గదా అనుకొని, రేపు వెళ్తే ఫరవాలేదా అని అడిగాడు. ఈరోజైతే మేలు గాని మీ ఇష్టం అన్నట్లు ఆయన ఊరుకున్నాడు. బూటుకోసం ఎముక కోయించుకున్న మనిషి రెండోసారి అడగలేదు. మరునాడు తెల్లవారాక పొలాంకో పరుగున వెళ్లి ఆశీర్వాదం తెచ్చేసరికి ఆయన కన్నుమూశాడు.