కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు: శాస్త్రమును తెలుగున వ్రాయించిన దివాను

ఆర్మూరు ప్రాంతమున పసుపును ఉడికించి, ఎండబెట్టి, కొమ్మును గోళను వేరుచేసి బస్తాల కెత్తించు రైతుతో మాటలాడిన వారెల్లరు ఒక సంగతి యెరుగుదురు. పంట విషయమున నతనికి తెలియనిది స్వల్పము. కాగితము చేత బడినప్పుడు మాత్ర మతడు పరుల నోటివైపు చూడవలసి వచ్చుచున్నది. 2025 జనవరిలో నిజామాబాదున జాతీయ పసుపు మండలి ప్రారంభమైనది. కొమ్మున కుర్కుమిను ఎంత, తేమ యెంత, ఎగుమతికి నిబంధన లెట్టివి అను విషయము లిక నింకను ఎక్కువగా కాగితముల కెక్కును. వానిని రైతున కర్థమగు తెలుగున వ్రాయువారు ఆకాశమునుండి ఊడిపడరు. వారిని తయారు చేయవలెను. ఆ పనికి మన భాషలో నొక పద్ధతి ఏర్పరచినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు.

వారు 1877 మే 18వ తేదీని కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే తండ్రిని కోలుపోయిరి. భువనగిరిలో కొంతకాలము, పిమ్మట నాగపురమున అక్కగారైన భండారు అచ్చమాంబ గారి యింట నుండి చదువుకొనిరి. ఆ యక్కగారు బడి మెట్లెక్కలేదు. తమ్ముడు చదువుచుండగా చూచి తానును చదువ నారంభించి, తుదకు మన దేశపు స్త్రీల చరిత్రలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా ప్రకటించినది. ఒకరు నేర్చినది మరొకరిచేత వ్రాయించుట యను విద్యకు ఆ యిల్లే తొలి పాఠశాల యని మేము తలంతుము. అచ్చమాంబ గారు 1905లోనే గతించిరి.

ఎం.ఏ. పట్టము పొందిన లక్ష్మణరావు గారు మునగాల రాజా నాయని వేంకట రంగారావు గారి దివానులైరి. చుట్టును నిజాము రాజ్యము, నడుమ ఆంగ్లేయుల పాలనలోని మునగాల. నిజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూ. తమ భూమిని గూర్చిన కాగితమునే తెలుగువాడు చదువలేని దుస్థితిని వారు దాపున నుండి చూచిరి. 1901 సెప్టెంబరు 1వ తేదీని హైదరాబాదున రావిచెట్టు రంగారావు గారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినప్పుడు దాని మూలపురుషులలో వీ రొకరు. కాని గ్రంథాలయమున కూర్చున్న పాఠకునికి శాస్త్ర మెచ్చట? తెలుగున నున్న పుస్తకములలో కావ్యములకు పురాణములకు కొదవ లేదు. పైరు తెగులు, కలరా, ఆవిరి యంత్రము అను వానిని గూర్చి వెదకినచో దొరకునది బహు స్వల్పము.

అందుచేత 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టినది; 1908లో మద్రాసునకు తరలినది. దాని మార్గము గమనింపదగినది. పండితుని పిలిచి అన్ని శాస్త్రములు వ్రాయుమనలేదు. ఏ విద్య నెరిగినవానిచేత ఆ విద్యనే వ్రాయించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు అబ్రహాము లింకను చరిత్రను, వైద్యులైన ఆచంట లక్ష్మీపతి గారు జీవశాస్త్రమును, చిలుకూరి వీరభద్రరావు గారు ఆంధ్రుల చరిత్రమును రచించిరి. కర్షకుల కత్యంతావశ్యకమైన వ్యవసాయ శాస్త్రమును గోటేటి జోగిరాజు గారు రచించిరి. వీరిలో పెక్కురు ఆంగ్లమున చదివినవారు. నేర్చిన విషయమును తెలుగున చెప్పుట అలవాటు లేనివారు. పేరు లేని వస్తువునకు పేరు పెట్టవలెను; పెట్టిన పేరును పుస్తకమంతట నొకే యర్థమున వాడవలెను; చదువరికి తెలియనిదానిని తెలిసినదాని ప్రక్కన నిలిపి చెప్పవలెను. ఆమ్లజని, ఉదజని వంటి మాటలు ఆ కాలపు శాస్త్రగ్రంథములలో నిలుచుట కిట్టి శ్రమయే కారణము. సంపాదకుడు ఎర్రసిరా చేతబట్టి కూర్చుండు నీ పనికి కీర్తి రాదు. ముఖపత్రమున రచయిత పేరుండును గదా!

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము వారి మహాసంకల్పము. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారివంటి పరిశోధకులు దానికి తోడ్పడిరి. లక్ష్మణరావు గారు స్వయముగా అనేక వ్యాసములు వ్రాసిరి. అందు 'అష్టాధ్యాయి' యొకటి. మా కిక్కడ నొక చింత కలదు. వ్యాసములు సంపూర్ణముగా నుండవలెనను పట్టుదలచే మూడు సంపుటములైనను గ్రంథము అకారమును దాటలేదు. పసుపు పకారము క్రింద రావలసియుండెను. కొంచెము క్లుప్తముగా వ్రాయించినచో ఎంత దూరము పోయెడిదో! కాని మూలములు చూడక తొందరగా వ్రాయుమని వారు శిష్యులకు చెప్పగలిగినవారు కారు.

1923 జూలై 12వ తేదీని 47వ యేట మద్రాసున వారు కన్నుమూసిరి. సర్వస్వపు భారమును పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు గారు వహించిరి. హైదరాబాదున 1922లో ఏర్పడియుండిన ఆంధ్ర పరిశోధక మండలి వారి పేరు ధరించి లక్ష్మణరాయ పరిశోధక మండలి యైనది. ఆదిరాజు వీరభద్రరావు గారు మొదలగువారు తెలంగాణమున పల్లెపల్లెకు పోయి, గుడి గోడలమీదను చెరువు గట్లమీదను ఉన్న రాతలకు ప్రతులు తీసిరి. ఆ శాసనములు 1935లో 'తెలంగాణా శాసనములు' అను పేర అచ్చుపడినవి.