రహీము సాహెబు

ఫుట్‌బాలు ఆటయందు భారతదేశము ఆసియాఖండమున అగ్రస్థానము నలంకరించిన కాలమొకటి కలదు. ఆ వైభవమునకు కారకుడు హైదరాబాదు నగరమునకు చెందిన యొక బడిపంతులు. ఆయన పేరు సయ్యదు అబ్దుల్ రహీము. జనులాయనను రహీము సాహెబని గౌరవముతో పిలుచుచుండిరి.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఉపాధ్యాయవృత్తిని చేపట్టెను. పాఠము చెప్పుటయం దెంత ప్రీతియో, ఆట నేర్పుటయందును ఆయనకంత ప్రీతి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను.

ఆ దినములలో బంతి చిక్కినవాడు తానొక్కడే దానిని తన్నుకొనిపోవుటయే గొప్పయని పలువురు తలచుచుండిరి. రహీము ఈ యలవాటును మాన్పదలచెను. బంతిని తనయొద్ద నిలుపుకొనక వెంటనే తోడివాని కందింపవలెనను నియమముతో పోటీలు జరిపించెను. అలవాటులేని కాలితోనే బంతిని తన్నవలెనని వేఱొక పోటీ పెట్టెను. పదునొకండుగురు ఒక్క మనసుతో ఆడినగాని జయము లభింపదని ఆయన విశ్వాసము. సికిందరాబాదునందలి పేద బాలుడు తులసీదాసు బలరాముని నేర్పును గుర్తించి, అతడు అభ్యాసమునకు వచ్చుటకై సైకిలు అద్దె సొమ్మును తానే యిచ్చెను. ఆ బాలుడే తరువాత దేశమునకు గర్వకారణమయ్యెను. రహీము శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుసారులు రోవర్సు కప్పును గెలుచుకొనెను.

1951లో ఢిల్లీయందు జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీము తీర్చిదిద్దిన భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము నందెను. కాని మఱుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరపరాజయము కలిగెను. మనవారిలో పలువురు చలిలో వట్టికాళ్లతో ఆడిరి. రహీము కుంగిపోలేదు. లోపములను వెదకి, ఒక్కొక్కటిగా సరిదిద్దెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో గెలిచి, నాలుగవ స్థానము పొందెను. అంతకు మించిన స్థానము ఒలింపిక్ ఫుట్‌బాలునందు భారతదేశమునకు నేటివఱకును దక్కలేదు.

1962లో జకార్తాయందు ఆసియా క్రీడలు జరిగెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను ఓడించెను. పిమ్మట జర్నైలుసింగు తలకు గాయమై కుట్లు పడెను. రక్షణస్థానమున ఆడు ఆ వీరుని రహీము ముందువరుసకు పంపెను. సెప్టెంబరు 4వ తేదీన తుదిపోరు. మరల దక్షిణ కొరియాయే యెదురయ్యెను. రాజకీయ కారణములచే అచటి ప్రేక్షకులు లక్షమంది మనవారిని గేలిచేయుచుండిరి. ఆ కోలాహలమునందే పి.కె. బెనర్జీ ఒక గోలును, గాయపడిన జర్నైలుసింగు మఱియొక గోలును చేసిరి. భారత జట్టు 2-1 తేడాతో విజయము సాధించెను.

అదియే రహీము చివరి విజయము. క్యాన్సరు వ్యాధి ఆయనను మంచము పట్టించెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన ఆయన పరమపదించెను. ఆఱు దశాబ్దములు గడచినను ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము మరల మన దేశమునకు రాలేదు.

నంద్యాలయందైనను, ఆళ్లగడ్డయందైనను, ఏ ఊరి పాఠశాల మైదానమునందైనను బంతిని తోడివాని కందించు ప్రతి బాలుడును తెలియకయే రహీము సాహెబు పాఠమును అభ్యసించుచున్నాడు. ఓటమిని గురువుగా నెంచి, తన గొప్పకంటె జట్టు మేలే మిన్నయని నమ్మినవారికి ఆ మహనీయుని జీవితము చిరకాలము ఆదర్శముగా నిలుచును.