లండన్ ఓడ ఎక్కకముందే అమరావతి శిల్పాలకు ఫొటోలు.. ఎవరీ కెప్టెన్ లీనియస్ ట్రైప్?

పల్నాడు జిల్లాలోని అమరావతికి ఎప్పుడైనా వెళ్లారా? కృష్ణలో స్నానం చేసి, అమరేశ్వరుడి దర్శనం అయ్యాక మహాచైత్యం చూద్దామని అటువైపు నడిస్తే.. అక్కడ కనిపించేది ఒక గుండ్రటి దిబ్బ. చుట్టూ కొన్ని రాతి పలకలు. అంతే. అది చూసిన చాలామందికి వచ్చే డౌట్ ఒక్కటే. ఇంత పేరున్న స్తూపం కదా.. మరి శిల్పాలన్నీ ఎక్కడికి పోయాయి?

కొన్ని పక్కనే ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. చాలా శిల్పాలు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. మరో 120 దాకా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్ వెళ్లినవి 1859లో మద్రాసు నుంచి బయల్దేరాయి. దానికి ఏడాది ముందు, అంటే 1858లో, మద్రాసు మ్యూజియంలో ఆ రాళ్ల ముందు ఒక ఆర్మీ కెప్టెన్ కెమెరా పెట్టారు. ఒక్కో రాయికీ ఫొటో తీశారు. ఆయన పేరు లీనియస్ ట్రైప్.

ఫొటోగ్రఫీ చరిత్ర చదివేవాళ్లకు ట్రైప్ పెద్ద పేరు. కానీ మన నరసరావుపేటలోనో, మాచర్లలోనో అడిగితే ఎవరికీ తెలియదు. ఇంతకీ ఎవరాయన? మన రాళ్లకూ ఆయనకూ లింక్ ఎలా కుదిరింది? చూద్దాం.

డాక్టర్ గారబ్బాయి.. 17 ఏళ్లకే సైన్యంలోకి

ట్రైప్ 1822 ఏప్రిల్ 14న ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్‌లో పుట్టారు. అది నేవీ ఓడలు కట్టే రేవు పట్టణం. తండ్రి డాక్టర్. ఇంట్లో 12 మంది పిల్లలు, ఈయన తొమ్మిదోవారు. 1839లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో చేరారు. అప్పటికి వయసు 17 ఏళ్లే. 1840ల్లో అంతా ఇండియాలోనే డ్యూటీ చేశారు. అప్పటికి ఆయన చేతిలో కెమెరా లేదు.

1850ల మొదట్లో లాంగ్ లీవ్ మీద ఇంగ్లండ్ వెళ్లారు. ఆయన లైఫ్ టర్న్ అయ్యింది అక్కడే. ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. 1853లో లండన్‌లో కొత్తగా పెట్టిన ఫొటోగ్రాఫిక్ సొసైటీలో మెంబర్ అయ్యారు. సరిగ్గా అదే టైంలో లండన్‌లో ఇంకో పిచ్చి నడుస్తోంది. అదే 3డీ ఫొటో.

రెండు కళ్లు.. రెండు ఫొటోలు

3డీ అంటే సినిమా హాల్లో నల్ల కళ్లజోడు పెట్టుకుని చూసేదే అనుకుంటాం. కానీ దీని వయసు దాదాపు 190 ఏళ్లు. మన రెండు కళ్ల మధ్య దూరం ఆరు, ఏడు సెంటీమీటర్లు ఉంటుంది. అందుకే ఒకే వస్తువును కుడి కన్ను ఒక కోణంలో, ఎడమ కన్ను ఇంకో కోణంలో చూస్తాయి. మెదడు ఆ రెండింటినీ కలిపేసి ఏది దగ్గర, ఏది దూరం అని లెక్క తేలుస్తుంది. నమ్మకం లేకపోతే ఒక వేలు ముఖం ముందు పెట్టుకుని, ఒక్కో కన్నూ మార్చి మార్చి మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది.

ఈ సంగతిని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ అనే సైంటిస్ట్ వివరించారు. దాన్నే ఫొటోకు పట్టించారు. ఒకే సీన్‌ను కొంచెం పక్కకు జరిపి రెండు ఫొటోలు తీస్తారు. రెండింటినీ ఒక అట్ట మీద పక్కపక్కనే అంటిస్తారు. రెండు లెన్సులున్న చిన్న పెట్టెలోంచి చూస్తే ఫొటో లోపలికి లోతు వచ్చేస్తుంది. ఆ పెట్టె పేరు స్టీరియోస్కోప్. ఆ జంట ఫొటో పేరు స్టీరియోగ్రాఫ్. ఫోన్‌ను అట్ట పెట్టెలో పెట్టి వీఆర్ వీడియో చూస్తాం కదా.. టెక్నిక్ అదే.

డేవిడ్ బ్రూస్టర్ 1849లో చేతిలో పట్టే సైజులో ఈ పెట్టెను డిజైన్ చేశారు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో జనం దీన్ని ఎగబడి చూశారు. ఇక వ్యాపారులు ఊరుకుంటారా? 1854లో లండన్ స్టీరియోస్కోపిక్ కంపెనీ పుట్టింది. ఊళ్లు, కోటలు, గుళ్లు, కొండలు.. ఏది దొరికితే దాన్ని జంట ఫొటోలుగా అచ్చేసి లక్షల్లో అమ్మేశారు. ఇప్పుడు మనం రీల్స్ చూసినట్టు అప్పుడు జనం ఇంట్లో కూర్చుని ఈ కార్డులు చూసేవాళ్లు. ట్రైప్ 1854లో తిరిగి ఇండియా వచ్చేనాటికి అక్కడి పరిస్థితి ఇది.

బెంగళూరు నుంచి బర్మా దాకా

1854 జూన్‌లో బెంగళూరు చేరారు. కెమెరా కూడా వెంట తెచ్చుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆండ్రూ నీల్ అనే ఆర్మీ డాక్టర్‌తో కలిసి హళేబీడు, బేలూరు గుళ్లు ఫొటోలు తీశారు. 1855లో మద్రాసులో పెట్టిన ఎగ్జిబిషన్‌కు 68 ఫొటోలు ఇచ్చారు. ఫస్ట్ క్లాస్ మెడల్ వచ్చింది.

ఆ పేరు గవర్నర్ జనరల్ డల్హౌసీ దాకా వెళ్లింది. అదే ఏడాది బర్మా రాజు మిండన్ దగ్గరకు కంపెనీ ఒక బృందాన్ని పంపింది. అందులో ట్రైప్ అఫీషియల్ ఫొటోగ్రాఫర్. ఆ ట్రిప్‌లో 200కు పైగా నెగెటివ్‌లు తీశారు. బెంగళూరు వచ్చాక వాటిలో 120 ఎంచుకుని 50 సెట్లు ప్రింట్ చేశారు. అంటే 6,000 ప్రింట్లు.

ఇందులో గొప్పేముంది అనిపించొచ్చు. ఆయన వాడింది కాలోటైప్ అనే పద్ధతి. నెగెటివ్ కూడా కాగితమే. దానికి వెండి కెమికల్ పట్టించాలి, మైనం పూయాలి. ఎండలో నిమిషాల తరబడి కెమెరా కదలకుండా ఉంచాలి. ఆ కాగితం సైజు ఇంచుమించు మన ల్యాప్‌టాప్ స్క్రీన్ అంత. ఎన్‌లార్జ్ చేయడం లేదు కాబట్టి ఎంత పెద్ద ఫొటో కావాలంటే అంత పెద్ద కెమెరా మోయాలి. ప్రింట్ కూడా ఎండ పెట్టే వేయాలి. ఆకాశం తెల్లగా పోతే నెగెటివ్ మీదే బ్రష్‌తో మబ్బులు దిద్దేవారు. ఒక రకంగా అప్పటి ఎడిటింగ్ అన్నమాట.

ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ ఉద్యోగం

1856లో మద్రాసు ప్రభుత్వం ట్రైప్‌ను ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. 1857లో పని మొదలైంది. ఉత్తరాదిలో సిపాయిల తిరుగుబాటు నడుస్తున్న ఏడాది అది. అదే డిసెంబరులో ట్రైప్ సామానంతా వేసుకుని దక్షిణాదికి బయల్దేరారు. శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదురై, పుదుక్కోట, తంజావూరు అన్నీ తిరిగారు.

తంజావూరు పెద్ద గుడి గోడ అడుగున శాసనాలు ఉంటాయి. వాటిని వరుసగా 21 ఫొటోలు తీసి ఒకదానికొకటి అతికించారు. దాదాపు 19 అడుగుల పొడవైన ఒకే ఫొటో తయారైంది. మన ఫోన్‌లో పనోరమా ఆప్షన్ ఉంది కదా.. ఆయన దాన్ని 1858లో చేత్తో చేశారు.

ఈ టూర్‌లోనే 3డీ ఫొటోలు కూడా తీశారు. 1858లో మద్రాసులో వచ్చిన ఆయన ఆల్బమ్స్‌లో తిరుచ్చి, తంజావూరు, ఆ చుట్టుపక్కల ఊళ్ల స్టీరియోగ్రాఫ్‌లు ఉన్నాయి. లండన్ కంపెనీలు అమ్మకం కోసం చేసిన పనిని ఇక్కడ ప్రభుత్వం రికార్డు కోసం చేయించింది. తేడా అదే. ఆ తేడానే తర్వాత ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది. ఆ సంగతికి వద్దాం. ముందు మన రాళ్ల కథ.

పల్నాటి రాయి.. మద్రాసు ఎలా చేరింది?

ఇంగ్లీషువాళ్లు వీటిని ఎలియట్ మార్బుల్స్ అన్నారు. కానీ ఇది పాలరాయి కాదు. పల్నాడు సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లోకి, ఇక్కడి సిమెంట్ ఫ్యాక్టరీల్లోకి వెళ్లే సున్నపురాయికి చుట్టమే. రెండు వేల ఏళ్ల కిందట మన శిల్పులు ఆ రాయి మీద జాతక కథలు, ఏనుగులు, పూల తీగలు చెక్కారు.

1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నారు. రాళ్ల కోసం దీపాలదిన్నె అనే దిబ్బ తవ్వుతుంటే శిల్పాలు బయటపడ్డాయి. సర్వే ఆఫీసర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశారు. మళ్లీ 1816లో వచ్చి ప్లాన్లు, బొమ్మలు గీయించారు. ఈలోపు కొన్ని రాళ్లు కట్టడాల్లోకి వెళ్లాయి. కొన్ని సున్నం కోసం కాలిపోయాయి. కొన్ని మచిలీపట్నం బజారు అలంకరణకు వెళ్లాయి. 1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఎలియట్ మళ్లీ తవ్వించి, దొరికిన శిల్పాలను మద్రాసు పంపారు. అక్కడా వాటికి నీడ దొరకలేదు. చాలా ఏళ్లు ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఆరుబయటే ఉన్నాయి.

ఆ 75 ఫొటోలు

1858లో టూర్ నుంచి వచ్చిన ట్రైప్‌కు అప్పగించిన పని ఇదే. మద్రాసు సెంట్రల్ మ్యూజియంలోని ఎలియట్ మార్బుల్స్‌ను, ఇంకొన్ని వస్తువులను ఫొటో తీశారు. మొత్తం 75 ఫొటోలతో ఆల్బమ్ వచ్చింది. ఇవి 3డీ జంట ఫొటోలు కావు, మామూలు ఫొటోలే. గుడి గోపురాలు తీసినప్పటి సోకులు ఇందులో లేవు. రాయి ఎలా ఉందో అలాగే చూపించాలి. పగిలిన చోట పగులు, అరిగిన చోట అరుగుదల.

అంతకుముందు ఈ శిల్పాలకు ఉన్నవి చేత్తో గీసిన బొమ్మలే. బొమ్మ ఎంత బాగున్నా గీసినవాడి చెయ్యి అందులో కలుస్తుంది. ఫొటోలో మాత్రం 1858 నాటికి ఆ రాయి ఎంత మిగిలిందో అంతే కనిపిస్తుంది.

మరుసటి ఏడాదే వాటిలో సుమారు 120 రాళ్లు ఓడ ఎక్కాయి. 1860లో లండన్ చేరాయి. చేరాక అయినా మంచి రోజులు వచ్చాయా అంటే.. లేదు. ఫైఫ్ హౌస్ అనే భవనం దగ్గర గుర్రపు బండ్లు పెట్టే షెడ్డులో పడేశారు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే చరిత్రకారుడు వెతికి పట్టుకునే దాకా వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంకు మారాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఖర్చు దండగ అన్నారు

1859లో మద్రాసుకు కొత్త గవర్నర్‌గా చార్లెస్ ట్రెవెల్యాన్ వచ్చారు. తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీగా ఉంది. లెక్కలు చూసిన గవర్నర్‌కు ఫొటోగ్రఫీ డిపార్ట్‌మెంట్ అనవసరమైన విలాసంగా అనిపించింది. మూసేయమన్నారు. 1860 నాటికి కథ ముగిసింది.

అప్పటికి ట్రైప్ వయసు 38. మళ్లీ సైన్యం డ్యూటీకి వెళ్లిపోయారు. 1870 ప్రాంతంలో బర్మాలో ఉన్నప్పుడు తీసిన కొన్ని ఫొటోలు తప్ప తర్వాత కెమెరాను దాదాపు వదిలేశారు. ఆరేళ్లలోనే అంత పని చేసిన మనిషి మిగతా 40 ఏళ్లు ఆ పని లేకుండానే బతికారు. మేజర్ జనరల్ గౌరవ హోదాతో రిటైరై సొంతూరు వెళ్లారు. 1902 మార్చి 2న పుట్టిన డెవన్‌పోర్ట్‌లోనే చనిపోయారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పుకోవాలి. ఆయన పని ఆగిపోయినా 3డీ కార్డుల బిజినెస్ ఆగలేదు. అమెరికాలో 1881లో అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ అనే కంపెనీ మొదలైంది. కాలేజీ కుర్రాళ్లను పెట్టి ఇంటింటికీ తిప్పి కార్డులు అమ్మించింది. 1907లో ఇండియా మీద 100 స్టీరియో ఫొటోల సెట్, దానికో పుస్తకం కూడా తెచ్చింది. ఫొటోలు తీసింది జేమ్స్ రికల్టన్. అమెరికాలో సోఫాలో కూర్చున్నవాళ్లు మన దేశాన్ని 3డీలో చూశారు. మన దగ్గర ఎంతమంది చూసి ఉంటారో ఊహించుకోండి.

మరి ఇప్పుడు?

ట్రైప్ ఫొటోలకు మళ్లీ గుర్తింపు వచ్చింది. 2014, 2015లో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్‌లో పెద్ద మ్యూజియాలు ఆయన ఇండియా, బర్మా ఫొటోలతో ప్రత్యేక ఎగ్జిబిషన్ పెట్టాయి. జనం క్యూ కట్టి చూసే ఆ గ్యాలరీలకూ మన అమరావతికీ మధ్య వేల కిలోమీటర్లు. రాళ్లూ అక్కడే, రాళ్ల ఫొటోలూ అక్కడే.

ట్రైప్ మనవాడు కాదు. ఆయనకు జీతం ఇచ్చింది మన రాళ్లను తీసుకెళ్లిన సర్కారే. అది మర్చిపోవాల్సిన పని లేదు. కానీ ఆయన తీసిన 75 ఫొటోలు ఉండబట్టే, దేశం దాటకముందు ఆ శిల్పాలు ఏ స్థితిలో ఉన్నాయో ఈరోజు చెప్పగలుగుతున్నాం. సున్నంలో కలిసిపోయిన రాళ్లకు ఆ అదృష్టం కూడా లేదు. వాటి మీద ఏం చెక్కారో ఇక ఎవరూ చెప్పలేరు.

పల్నాడులో ఇప్పటికీ చెరువు గట్ల మీద, పొలాల్లో, గుళ్ల వెనక వీరగల్లులు, శాసనాలు, విరిగిన విగ్రహాలు పడి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తే ఒకటి పోతుంది. గుడికి కొత్త రంగులేస్తే ఇంకోటి పోతుంది. ట్రైప్‌కు ఒక్క ఫొటో కోసం సగం రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. మనకు ఒక్క సెకను చాలు. ఈసారి ఊరెళ్లినప్పుడు సెల్ఫీ దిగాక, ఆ రాయిని కూడా ఒకటి తీయండి. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. ఊరి పేరు, తేదీ రాసి దాచండి.