సాదత్ హసన్ మంటో జీవితం

ప్రవేశిక

కిందటి పాఠాల్లో మీరు మన దేశానికీ పొరుగు దేశాలకూ చెందిన కొందరు ప్రముఖుల గురించి చదివారు. ఈ పాఠంలో ఒక ఉర్దూ కథా రచయిత జీవితం తెలుసుకుంటారు. ఆయన భారతదేశంలో పుట్టి పాకిస్తాన్‌లో మరణించాడు. రెండు దేశాలవారూ ఆయనను తమవాడంటారు. ఆయన కథలు తెలుగులోకీ అనువాదమయ్యాయి. అంతటి రచయిత 43 ఏళ్ళు నిండకుండానే మద్యానికి బలయ్యాడు.

ఆయన్ని నిందించడానికో, జాలిపడడానికో ఈ పాఠం రాయలేదు. మద్యం ఒక మనిషి శరీరాన్నీ మనస్సునూ ఎలా దెబ్బతీస్తుందో, చికిత్స ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ తెగిపోతుందో ఆయన జీవితం ద్వారా మీరు గ్రహించాలని మా ఉద్దేశం.

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- మంటో జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
- మద్యం వల్ల కలిగే మానసిక సమస్యలను గుర్తించగలుగుతారు.
- అటువంటి రోగికి ఎలాంటి చికిత్స, ఎలాంటి తోడ్పాటు అవసరమో వివరించగలుగుతారు.

1. బాల్యం, యౌవనం

సాదత్ హసన్ మంటో 1912 మే 11న పంజాబులోని లూధియానా జిల్లా సమ్రాలా దగ్గర జన్మించాడు. వారిది కాశ్మీరు నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబం. తండ్రి న్యాయశాఖలో అధికారి. చాలా కఠినంగా ఉండేవాడు. తల్లి మెత్తని మనిషి. తండ్రి భయమూ తల్లి ప్రేమా రెండూ ఆ పిల్లవాడి మీద పనిచేశాయి.

మంటో చదువులో వెనకబడినవాడు. మెట్రిక్యులేషన్ పరీక్ష ఒకసారి కాదు, చాలాసార్లు తప్పాడు. తప్పిన సబ్జెక్టుల్లో ఉర్దూ కూడా ఉందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. తరవాతి కాలంలో ఆ భాషకే ఆయన గొప్ప కథకుడయ్యాడు. చదువు మధ్యలో ఆగిపోయి, ఇప్పుడు మళ్ళీ పుస్తకం పట్టిన మీకు ఈ సంగతి కొంత ధైర్యాన్నివ్వాలి.

1919లో అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగినప్పుడు ఆయనకు ఇంకా ఏడేళ్ళు నిండలేదు. ఆ ఘటననే ఆధారం చేసుకొని తన తొలి కథ రాశాడు. 1930ల మొదట్లో అబ్దుల్ బారీ అనే పత్రికా రచయిత ఆయనకు ఫ్రెంచి, రష్యన్ సాహిత్యం చదివే అలవాటు చేశాడు. మంటో విక్టర్ హ్యూగో రచనను ఒకదాన్ని ఉర్దూలోకి అనువదించాడు. మద్యం అలవాటు కూడా ఇంచుమించు ఆ వయసులోనే మొదలయింది. అప్పట్లో అది స్నేహితుల మధ్య సరదా మాత్రమే. వ్యసనాలు చాలావరకు ఇలా సరదాగానే మొదలవుతాయని గమనించండి.

2. బొంబాయి, ఢిల్లీ

1936లో మంటో బొంబాయి చేరాడు. సినిమా వారపత్రికకు సంపాదకుడిగా పనిచేశాడు. సినిమాలకు కథలూ సంభాషణలూ రాశాడు. 1939లో సఫియాను పెళ్ళి చేసుకున్నాడు. 1941లో ఢిల్లీలోని ఆలిండియా రేడియోలో చేరి, ఏడాదిన్నర కాలంలోనే వందకు పైగా రేడియో నాటికలు రాశాడు. వారి మొదటి బిడ్డ, కొడుకు, పసితనంలోనే చనిపోయాడు. ఆ దుఃఖం మంటోను చాలాకాలం వదలలేదు.

1942లో మళ్ళీ బొంబాయి చేరాడు. సంపాదన బాగుండేది. తాగుడూ సాగుతూనే ఉండేది. అయినా పని ఆగలేదు కాబట్టి అది జబ్బు అని ఎవరికీ తోచలేదు. పని చేసుకుంటున్నాడు కదా, ఫరవాలేదు అని ఇంట్లోవాళ్ళు అనుకునే దశ ఇదే. నిజానికి వ్యసనం వేళ్ళు దిగేది కూడా ఈ దశలోనే.

3. లాహోర్ జీవితం

1947లో దేశవిభజన జరిగింది. లక్షలాది మంది ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి సరిహద్దు దాటారు. 1948 జనవరిలో మంటో బొంబాయి వదిలి లాహోర్ వెళ్ళాడు. అప్పటికే భార్యాబిడ్డలు అక్కడికి చేరారు. లక్ష్మీ మాన్షన్స్ అనే భవనంలో కాపురం.

లాహోర్‌లో సినిమా పరిశ్రమ విభజనతో కుప్పకూలింది. స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. పాత స్నేహితులు సరిహద్దుకు అవతల మిగిలిపోయారు. విభజన నాటి హింస మీద ఆయన రాసిన కథలు చాలామందికి కోపం తెప్పించాయి. అశ్లీలం రాశాడన్న ఆరోపణపై ఆయన మీద మొత్తం ఆరు కేసులు నడిచాయి. మూడు విభజనకు ముందు, మూడు ఆ తరవాత. ఒక కేసులో కింది కోర్టు మూడు నెలల కఠిన కారాగార శిక్ష, 300 రూపాయల జరిమానా విధించింది. పై కోర్టులో జైలు శిక్ష తప్పింది.

ఈ కష్టాలన్నిటికీ మంటో వెతుక్కున్న మందు మద్యమే. కాని అది కష్టాన్ని తీర్చలేదు, పెంచింది. రోజుకో కథ చొప్పున రాసి, వచ్చిన డబ్బులో చాలా భాగం సీసాకే పోసేవాడు. ఇంట్లో భార్య, ముగ్గురు ఆడపిల్లలు. ఇల్లు గడిపే భారం సఫియా మీద పడింది. రాష్ట్రపతి స్వర్ణపతకం పొందిన మీర్జా గాలిబ్ చిత్రం ఆయన కథతో 1954లో భారతదేశంలో విడుదలయింది. ఆ సమయానికి ఆయన లాహోర్‌లో జబ్బుతోను, అప్పులతోను అవస్థపడుతున్నాడు.

4. ఆసుపత్రిలో

1950ల తొలి ఏళ్ళలో మంటోను లాహోర్ మానసిక చికిత్సాలయంలో తాగుడు మాన్పించే వార్డులో చేర్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు. చికిత్స తరవాత కొంతకాలం మద్యం ముట్టలేదు. తరవాత మళ్ళీ మొదటికి వచ్చింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన తరవాతి కాలంలోనే ఆయన టోబా టేక్ సింగ్ అనే కథ రాశాడు. విభజన తరవాత రెండు ప్రభుత్వాలు పిచ్చాసుపత్రుల్లోని రోగులను మార్పిడి చేసుకోవాలని నిర్ణయిస్తాయి. బిషన్ సింగ్ అనే రోగికి తన ఊరు ఏ దేశంలో ఉందో ఎవరూ సరిగా చెప్పరు. చివరికి అతడు ఏ దేశానికీ చెందని నేల మీద పడిపోతాడు. మతి తప్పింది లోపలివారికా, బయటివారికా అని ఆ కథ మనల్ని ఆలోచింపజేస్తుంది. మానసిక రోగులను మనుషులుగా చూసిన కథ అది.

1955 జనవరి 18న మంటో లాహోర్‌లో మరణించాడు. తాగుడు వల్ల కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ అనే జబ్బు దానికి కారణం. ఇరవైకి పైగా కథా సంపుటాలు మిగిల్చి వెళ్ళాడు. 2012లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, పాకిస్తాన్ ప్రభుత్వం నిషాన్-ఎ-ఇమ్తియాజ్ పురస్కారం ప్రకటించింది. ఆయన పోయి అప్పటికి 57 ఏళ్ళు.

5. ఈ జబ్బును అర్థం చేసుకుందాం

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. ఆసుపత్రిలో తగ్గిన మనిషి మళ్ళీ ఎందుకు తాగాడు? మొండితనమా? పిల్లల మీద ప్రేమ లేకనా? కాదు.

మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. రోజూ తాగుతూ ఉంటే, ఆ మందగింపును తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. కొంతకాలానికి అలా ఉండడానికే అలవాటు పడుతుంది. అప్పుడు మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకమంతా బయటపడుతుంది. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి సన్నిపాతం కమ్ముతుంది. ఎక్కడున్నదీ తెలియదు. లేని మనుషులు కనిపిస్తారు, లేని మాటలు వినిపిస్తాయి. ఇది దయ్యం పట్టడం కాదు. వెంటనే వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఎక్కువకాలం తాగేవారిలో దిగులు, అనుమానం, మతిమరుపు, చనిపోవాలన్న ఆలోచన కూడా కలుగుతాయి. ఇవి మద్యం వల్ల వచ్చాయా, అంతకుముందే ఉన్నాయా అనేది డాక్టరు నిర్ణయించాలి. తాగుడు మానిన కొన్ని వారాలకు దిగులు తగ్గితే అది మద్యం తెచ్చినదేనని అనుకోవచ్చు. తగ్గకపోతే దానికి వేరుగా చికిత్స చేయాలి.

6. చికిత్స

చికిత్సలో రెండు భాగాలున్నాయి. మొదటిది శరీరం నుంచి మద్యాన్ని సురక్షితంగా వదిలించడం. డాక్టరు పర్యవేక్షణలో మెదడును శాంతపరిచే మాత్రలు ఇచ్చి, వాటిని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. అది లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఈ భాగానికి చాలామందికి ఒకటి రెండు వారాలు చాలు.

రెండవ భాగం నెలలు, ఏళ్ళు పడుతుంది. మళ్ళీ తాగాలన్న కోరికను తగ్గించే మందులు, కౌన్సెలింగు, కుటుంబానికి సలహాలు, తాగుడు మానినవారి సంఘాలు, చేయడానికి ఒక పని, ఇవన్నీ అవసరం. మంటోకు మొదటి భాగం రెండుసార్లు దొరికింది. ఆసుపత్రి గేటు దాటాక మాత్రం అదే అప్పులు, అదే నిరుద్యోగం, అదే సీసా ఎదురయ్యాయి. ఇప్పుడు వాడే మందుల్లో చాలావరకు ఆనాటికి ఇంకా రానేలేదు.

బి.పి., షుగరు తిరగబెడితే మనం రోగిని తిట్టం, డాక్టరు దగ్గరికి తీసుకువెళతాం. తాగుడు తిరగబెట్టినా చేయవలసింది అదే.

7. మీరు ఏం చేయవచ్చు?

మీ ఇంట్లోనో, వీధిలోనో ఇటువంటి మనిషి ఉండవచ్చు. ఆ మనిషి మీరే కావచ్చు. ఈ విషయాలు గుర్తుంచుకోండి:
- ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. అది ప్రమాదం.
- మాన్పించే మందును తెలియకుండా అన్నంలో కలిపి పెట్టకండి. ఆ మందు కడుపులో ఉండగా మద్యం తాగితే ప్రాణాపాయం కలగవచ్చు.
- వణుకు, మూర్ఛ, భ్రాంతులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.
- 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధులుగానే గుర్తించింది. ప్రభుత్వ వైద్యం పొందడం మీ హక్కు.
- మత్తు వ్యసనాలకు సంబంధించిన సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తాగినందువల్లే మంటో గొప్పగా రాశాడని కొందరు అంటారు. అది నమ్మకండి. ఉద్యోగం, స్నేహితులు, పని ఉన్న రోజుల్లోనే ఆయన పేరు నిలిపే కథలు ఎన్నో రాశాడు. మద్యం ఆయనకు కథలు ఇవ్వలేదు. ఆయన రాయవలసిన కథలను మన దగ్గర నుంచి, తండ్రిని ఆ ముగ్గురు పిల్లల దగ్గర నుంచి తీసుకుపోయింది.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. లాహోర్ వెళ్ళిన తరవాత మంటో తాగుడు ఎక్కువ కావడానికి దోహదం చేసిన మూడు పరిస్థితులు రాయండి.
2. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఎలాంటి లక్షణాలు కనిపిస్తాయి? ఎందుకు?
3. ఆసుపత్రిలో చికిత్స పొందినా మంటో మళ్ళీ ఎందుకు తాగాడో మీ మాటల్లో వివరించండి.
4. మీకు అతి దగ్గరలో ఈ చికిత్స దొరికే ప్రభుత్వ ఆసుపత్రి ఏదో కనుక్కొని, దాని పేరు ఈ పుస్తకం చివరి అట్ట మీద రాసి ఉంచుకోండి.