క్లౌదొర త్రవ్వించిన కాలువ

చెన్నపట్టణమున వంతెనలమీదుగా కార్యాలయములకు బోవువారు క్రిందనున్న బకింగుహాము కాలువను ముక్కు మూసికొని దాటుదురు. ఆ కాలువయే యుత్తరమున ఒంగోలు ప్రాంతమున నొకప్పుడు వేలమందికి కూడు పెట్టినదని యెరిగినవారు కొందరే.

అచ్చట దానిలో నొక భాగమును త్రవ్వించినవాడు అమెరికను బాప్టిస్టు మిషనరి జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్కు రాష్ట్రమున బుట్టి, యౌవనమున మిన్నెసోటాలో సర్వే పని చేసిన యతడు 1866లో ఒంగోలున కాపురముండెను. అతని బోధను మొదట చేకొన్నవారు మాదిగలు; యర్రగుంట్ల పేరయ్య వారిలో ముఖ్యుడు. వారిని చేర్చుకొన్నచో తాము రామని పైకులములవారు దూరమైరి. క్లౌ మాదిగలనే నిలుపుకొనెను.

1876-78 సంవత్సరముల కరవు వచ్చెను. రైతునకు గాదె యడుగున నాలుగు గింజలుండవచ్చును. గ్రామసేవకునకు రైతు కొలుచు మేరయే గాదె. సర్కారువారు కరవుపనులు తెరచిరి గాని యచ్చటి మేస్త్రీలు పైకులములవారు. అంటరానివారికి తిట్లును, కూలిలో కోతయు దక్కెను. క్లౌ గంజి పోయించి యూరకుండవచ్చును. అట్లు గాక, కాలువలో మూడుమైళ్ళకు మించిన భాగమును తానే కంట్రాక్టు పుచ్చుకొని, తన బోధకులను మేస్త్రీలుగా నియమించెను. బైబిలు చంకబెట్టినవారు కొలకర్ర పట్టి గోతులు కొలిచిరి. మాదిగలేకాక యితర కులములవారును వచ్చి త్రవ్విరి.

మాకు మిక్కిలి మెచ్చదగినదిగా దోచునది వేరొకటి. మతము పుచ్చుకొందుమని జనులు గుంపులుగా రాగా, ఏడాదికి పైగా క్లౌ ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. కరవు సాయము ముగిసినదని, ఇక సొమ్ము లేదని చెప్పినను వారు మరలిపోరైరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కూటికై కలిసిరను నింద నాడే పుట్టెను, నేటికిని వినవచ్చును. దానిని మేము బొత్తిగా త్రోసివేయజాలము. ఆకలినాడు కూలి యిచ్చిన చేయి యెవరిదో జనులు మరువరు; ఆ పనిచోటనే బోధయు జరిగినది. కాని కడుపుకొరకే యైనచో పని యుండగా రావలెను గాని, ముగిసిన పిమ్మట వచ్చుటేల? తమ కులమువాడే మేస్త్రీయై పనిని కొలిచి లెక్క చూచుట వారు పుట్టి యెరుగనిది. నింద వేయువారు దీని బలమును గణింపరు.

క్లౌ 1910లో అమెరికాలో మరణించెను. ఒంగోలున అతని పేర నొక ఆసుపత్రి వెలసెను.