అనంతాళ్వారుల వనకైంకర్యము

గోదావరీతీరమందలి లక్సెట్టిపేటవంటి దూరప్రాంతములనుండి తిరుమలకు వచ్చు యాత్రికులు, ఆలయ మహాద్వారమును దాటునపుడు కుడిప్రక్క గోడకు వ్రేలాడు ఇనుప గునపమును చూతురు. అది ఒక తోటమాలి పనిముట్టు. ఆ తోటమాలి శ్రీమద్రామానుజుల ప్రియశిష్యులైన అనంతాళ్వారులు.

వీరు క్రీస్తుశకము 11వ శతాబ్దమున కర్ణాటకదేశమందలి కిరంగూరు గ్రామమున జన్మించినట్లు సంప్రదాయము. శ్రీరంగమున రామానుజులను ఆశ్రయించి శాస్త్రములను, ఆళ్వారుల దివ్యప్రబంధమును అభ్యసించిరి. ఒకనాడు రామానుజులు తిరువాయ్మొళిని వివరించుచు, వేంకటాచలమున స్వామికి పుష్పకైంకర్యము చేయుటకు ఎవరు వెళ్ళుదురని అడిగిరి. నాడు తిరుమల ఘోరారణ్యము. చలియు, మృగభయమును మెండు. గురుసన్నిధిని వీడి అచ్చటికేగుటకు సభలో అందరును సంకోచింపగా, అనంతాళ్వారులొక్కరే లేచి ఆ భారమును తలదాల్చిరి.

గర్భవతియైన ధర్మపత్నితో వారు కొండకు చేరిరి. తోటకు నీరే ప్రాణమని ఎరిగి చెరువు త్రవ్వ నారంభించిరి. వారు గునపముతో త్రవ్వుచుండ, ఆ సాధ్వి తట్టలతో మట్టి మోయుచుండెను. ఈ సేవలో ఇతరుల చేయి తగులరాదని వారి పట్టుదల. అలసిన ఆ తల్లిని చూచి ఒక బాలుడు సాయమునకు రాగా, అనంతాళ్వారులు వలదని పంపివేసిరి. బాలుడు వారి కంటబడకుండ దారిమలుపున నిలిచి తట్టనందుకొని మోయసాగెను. అది కనిపెట్టి కోపముతో వారు విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు ఆలయమువైపు పరుగిడి అదృశ్యుడయ్యెను.

అంతలో స్వామి గడ్డమునుండి రక్తము స్రవించుటను అర్చకులు గాంచిరి. తన సేవకు తోడురాదలచినవాడు శ్రీనివాసుడే యని తెలిసి అనంతాళ్వారులు కుమిలిపోయి, గాయమునకు పచ్చకర్పూరమునద్దిరి. స్వామి గడ్డమున పచ్చకర్పూరమునుంచు ఆచారమునకు ఇదియే మూలమని భక్తుల విశ్వాసము. వారి భక్తి నిష్కళంకము. సేవ తనకొక్కనికే చెందవలెనను పంతమే స్వామికి గాయమయ్యెను.

పశ్చాత్తాపముతో వారు తోటను విడువలేదు. చెరువు నిండెను, మొక్కలు పెరిగెను. ఆ పూదోటకు గురువుగారి పేరే పెట్టిరి. పిమ్మట రామానుజులు తిరుమలకు విచ్చేసి ఆ వనమును చూచి, ఇట్టి శిష్యుడు లభించినందుకు పరమానందభరితులైరి. అనంతాళ్వారుల పేర నా చెరువు నేటికిని తిరుమలలో నున్నది. వారి బృందావనము పురుశైవారి తోటలో నున్నది. అచ్చటి పొగడచెట్టును వారి రూపముగా భక్తులు భావింతురు. ఏటేట బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు భాగ్‌సవారి పేరున స్వామి అప్రదక్షిణముగా ఆ తోటకు వేంచేయుదురు. తోటమాలి స్వామికడకు పూలు మోసెను. స్వామి తోటమాలికడకు తానే కదలివచ్చును.

ఇట్టి కైంకర్యము చేయుటకు కొండపైనే ఉండనక్కరలేదు. లక్సెట్టిపేట ప్రాంతము టేకు, మద్ది, ఇప్ప, మోదుగ, ఉసిరి సహజముగా పెరుగు నేల. గుడి ఆవరణలోనో, ఊరిచివరనో ఒక చిన్న వనమును పెంచదలచువారు వేసవిలోనే గుంతలు తీసి ఎండనీయవలెను. మృగశిర కార్తె వానలకు నేల బాగుగ తడిసిన పిదప మొక్క నాటి, పశువులు మేయకుండ ముండ్లకంప కట్టవలెను. మొదలుచుట్టు ఎండుటాకులు పరచిన తేమ నిలుచును. అటుపై రెండుమూడు వేసవులు నీరు పోసి కాపాడిననే వేరు లోతునకు దిగి, చెట్టు తనంతట తాను నిలువగలదు. ఉసిరి నాటిన ఇంటివారు ఆ చెట్టునీడనే కార్తికమాస వనభోజనము చేసికొను భాగ్యమును పొందుదురు.

మొక్క నాటుట ఒక్కదినపు పని; నీరు మోయుట ఏండ్ల తరబడి సాగు సేవ. మండుటెండలో బిందె నెత్తుకొని పోవునపుడు ఏ పిల్లవాడైన వచ్చి చేయి అందించినచో, వానిని కాదని పంపరాదు.